పోస్ట్‌గ్రెస్‌లో పైథాన్ ఫంక్షన్ రాస్తున్నాను, తెలుగు పుస్తకాల పేర్లు వెతకడానికి. ఇది సరైన దారేనా?

పల్లెగ్రంథం (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. మా ఊరి పాత గ్రంథాలయంలోని పుస్తకాల జాబితాను నాలుగేళ్ళుగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. ఇప్పటికి 38,000 పేర్లు దాటాయి. ఇబ్బంది ఏమిటంటే నలుగురు కొట్టారు, నలుగురివీ నాలుగు రకాల కీబోర్డులు. ఒకరు "వ్యాకరణం" అని, ఇంకొకరు పుస్తకం అట్ట మీద ఉన్నట్టే "వ్యాకరణము" అని కొట్టారు. "సంగీతం", "సఙ్గీతం" రెండూ ఉన్నాయి. "గుర్రం" కొందరిది, బండి ఱతో "గుఱ్ఱం" కొందరిది. పాత పుస్తకాల్లో అరసున్నలు కూడా ఉన్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే కంప్యూటర్ లేదంటుంది, వెనక్కి తిరిగి చూస్తే పుస్తకం అలమరలోనే ఉంటుంది. పెద్దవాళ్ళు అంత దూరం నడిచొచ్చి ఉత్త చేతులతో వెళ్తుంటే బాధగా ఉంటోంది.

డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. నాకు పైథాన్ బాగానే వచ్చు, ఎస్‌క్యూఎల్ అంతంత మాత్రం. అందుకని పీఎల్‌పైథాన్ (పోస్ట్‌గ్రెస్ లోపలే పైథాన్ నడిపే ఎక్స్‌టెన్షన్) పెట్టి, పేరుని సాఫు చేసే ఫంక్షన్ ఒకటి మొదలుపెట్టాను. మొదటి లైనులోనే ఆగిపోయాను. ఫంక్షన్‌కి "పేరు" అనే ఆర్గ్యుమెంట్ ఇచ్చాను. లోపల మొదటి లైను: పేరు ఈక్వల్‌టు పేరు డాట్ స్ట్రిప్. అంతే. నడిపితే "అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్" అంటోంది. ఇదే లైను మామూలు పైథాన్ ఫైల్లో పెడితే చక్కగా నడుస్తోంది. రెండు రోజులుగా దీని మీదే ఉన్నాను.

రెండో ప్రశ్న: అసలు ఇలాంటి పని డేటాబేస్ లోపల పెట్టొచ్చా?

పాతడీబీఏ
మొదటిదానికి జవాబు తేలికే. మీరు రాసిన లైన్లను పోస్ట్‌గ్రెస్ ఒక పైథాన్ ఫంక్షన్‌లో చుట్టి నడిపిస్తుంది. ఆర్గ్యుమెంట్లను ఆ ఫంక్షన్‌కి బయట గ్లోబల్ వేరియబుల్స్‌గా ఉంచుతుంది. లోపల మీరు "పేరు"కి కొత్త విలువ ఇవ్వగానే, పైథాన్ దాన్ని ఆ ఫంక్షన్ సొంత వేరియబుల్ అనుకుంటుంది. కుడివైపున ఉన్న "పేరు"ని చదవబోతే, ఆ సొంత వేరియబుల్‌లో ఇంకా ఏమీ లేదు. అదే ఎర్రర్. ఆర్గ్యుమెంట్‌ని ముట్టుకోకుండా ఫలితాన్ని కొత్త పేరున్న వేరియబుల్‌లో పెట్టండి, పోతుంది. గ్లోబల్ అని ప్రకటించినా పోతుంది కానీ కొత్త వేరియబులే శుభ్రం.

పనిలో పని ఇంకొకటి. కాలమ్‌లో నల్ (విలువేమీ లేకపోవడం) ఉంటే పైథాన్‌కి నన్ అందుతుంది, నన్ మీద స్ట్రిప్ పిలిస్తే మళ్ళీ ఎర్రర్. ఫంక్షన్‌ని స్ట్రిక్ట్ అని ప్రకటిస్తే, నల్ వచ్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ మీ ఫంక్షన్‌ని పిలవకుండానే నల్ ఇచ్చేస్తుంది.

రెండో ప్రశ్నకి తీరిగ్గా రాస్తాను.

లూప్‌లోపల
నా మాట: పెట్టొద్దు. పేరు సాఫు చేసే కోడ్ అప్లికేషన్‌లో ఉండాలి. అక్కడ గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచేది) ఉంటుంది, టెస్టులు ఉంటాయి, డీబగ్గర్ పెట్టి ఒక్కో లైను చూసుకోవచ్చు. డేటాబేస్‌లోకి తోసేస్తే రెండేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకి అక్కడ ఒక ఫంక్షన్ ఉందని కూడా తెలియదు. మా ఆఫీసులో ఇలాంటి దాన్ని వెతకడానికి మూడు రోజులు పట్టింది. ధర నిర్ణయించే లెక్క ట్రిగ్గర్‌లో (వరుస మారగానే డేటాబేస్ తానే నడిపే కోడ్‌లో) దాక్కుని ఉంది. పైగా డేటాబేస్ మెషీన్ ఒక్కటే, దాని సీపీయూని స్ట్రింగ్ పనులకి ఖర్చుపెట్టడం దేనికి?

పల్లెగ్రంథం
పాతడీబీఏ గారూ, ఎర్రర్ పోయింది. చాలా చాలా థాంక్స్ అండి.

లూప్‌లోపల గారూ, మీరన్నదీ నిజమే. మా దగ్గర చిక్కు ఏమిటంటే డేటా లోపలికి వచ్చే దారులు మూడు. ఒకటి వెబ్ పేజీ. రెండోది, వాలంటీర్లు ఎక్సెల్‌లో కొట్టి పంపితే నెలకోసారి సీఎస్‌వీగా నేరుగా ఎక్కిస్తాం. మూడోది, గ్రంథపాలకుడు గారు పీజీఅడ్మిన్ తెరిచి తప్పులు చేత్తో దిద్దుతారు, ఆయనకి అదే అలవాటు. అప్లికేషన్‌లో పెడితే మొదటి దారికే కాపలా ఉన్నట్టు.

లూప్‌లోపల
మూడు దారులు ఉన్నాయని మొదటే చెప్పుంటే అంత గట్టిగా అనేవాణ్ణి కాదు. ఒకే నియమం మూడు చోట్ల రాస్తే ఆరు నెలల్లో మూడూ వేరువేరుగా తయారవుతాయి. సరే, లోపలే పెట్టండి. కానీ టెస్టుల సంగతి మళ్ళీ అడుగుతాను.

రాత్రిడ్యూటీ
సర్వర్లు చూసుకునేవాడిగా ఒక జాగ్రత్త చెప్పాలి. ఎక్స్‌టెన్షన్ పేరు చివర ఉన్న "యు" అక్షరం చూశారా? పీఎల్‌పైథాన్3యు. అన్‌ట్రస్టెడ్ అని దాని అర్థం. పెర్ల్‌కి రెండు రూపాలు ఉన్నాయి, చేతులు కట్టేసినది ఒకటి, కట్టనిది ఒకటి. టీసీఎల్‌కీ అంతే. పైథాన్‌ని అలా కట్టి ఉంచే నమ్మకమైన పద్ధతి లేదు. మొదట్లో ఉందనుకున్నారు కానీ పైథాన్‌లోని ఆ ఏర్పాటు నిలవలేదు. 2003లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 7.4 నుంచి ఇది అన్‌ట్రస్టెడ్‌గా మాత్రమే దొరుకుతోంది.

అంటే మీ ఫంక్షన్ డేటాబేస్ సర్వర్ ప్రాసెస్ లోపలే నడుస్తుంది. ఆ మెషీన్‌లో పోస్ట్‌గ్రెస్ యూజర్ చదవగల ప్రతి ఫైలూ అదీ చదవగలదు, ఆ యూజర్ చెరపగలవి చెరపగలదు, నెట్‌కి వెళ్ళగలదు. అందుకే సూపర్‌యూజర్ మాత్రమే రాయగలరు. కానీ చాలామంది మరిచిపోయేది దీని తర్వాతి సంగతి. రాసేది సూపర్‌యూజరే అయినా, పిలిచే హక్కు మామూలుగా అందరికీ ఉంటుంది. ఫైలు పేరు తీసుకుని చదివిపెట్టే ఫంక్షన్ ఒకటి సరదాకి రాసి వదిలేశారనుకోండి, వెబ్ పేజీ వాడే లాగిన్ కూడా దాన్ని పిలవగలదు. రాసిన వెంటనే పబ్లిక్ నుంచి ఎగ్జిక్యూట్ హక్కు తీసేసి, అవసరమైన రోల్‌కే ఇవ్వండి.

ముందుముందు క్లౌడ్‌కి మారే ఆలోచన ఉంటే ఇప్పుడే విచారించుకోండి. సూపర్‌యూజర్ హక్కు ఇవ్వని సేవల్లో చాలాచోట్ల ఈ ఎక్స్‌టెన్షన్ దొరకదు.

పల్లెగ్రంథం
క్లౌడ్ లేదండి, గ్రంథాలయంలోనే ఉన్న ఒక డెస్క్‌టాప్. నెట్‌కి వెళ్ళగలదు అన్నారు కదా, ఇంకో కోరిక కూడా ఉంది. ఎవరైనా రిజర్వ్ చేసిన పుస్తకం తిరిగొస్తే వాళ్ళకి ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. ట్రిగ్గర్‌లో పైథాన్ నుంచి పంపేయొచ్చా?

రాత్రిడ్యూటీ
దయచేసి వద్దు. ఇది నేను స్వయంగా పడిన బాధ. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇదే చేశాం. ఆర్డర్ వరుస చేరగానే ట్రిగ్గర్, ట్రిగ్గర్‌లో పైథాన్, అందులోంచి ఎస్సెమ్మెస్ సేవకి కాల్. టెస్టులో బాగుంది. ఒక సాయంత్రం అదే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్టలో) తర్వాతి మెట్టు ఫెయిలై మొత్తం రోల్‌బ్యాక్ అయింది. డేటాబేస్ అన్నిటినీ వెనక్కి తీసుకుంది, వెళ్ళిపోయిన ఎస్సెమ్మెస్‌ని తీసుకోలేదు కదా. ఆర్డరే లేనివాళ్ళకి "మీ ఆర్డర్ అందింది" అని వెళ్ళింది. మా కోడ్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేది కాబట్టి ఒక్కొక్కరికి ఐదారు చొప్పున వెళ్ళాయి. ఫోన్లు ఎత్తినవాళ్ళ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో రోజు ఆ సేవ నెమ్మదించింది. ప్రతి కాల్ జవాబు కోసం ఆగింది, ఆగినంతసేపూ ఆ ట్రాన్సాక్షన్ లాకులు పట్టుకునే ఉంది. వెనక క్యూ కట్టి సైటంతా నిలిచిపోయింది.

సరైన దారి: పంపాల్సిన సందేశాన్ని ట్రిగ్గర్ ఒక టేబుల్‌లో వరుసగా చేర్చాలి, అంతవరకే. బయట నడిచే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఆ టేబుల్‌ చూసి పంపుతుంది. వెంటనే పంపాలంటే, పోస్ట్‌గ్రెస్ బయటి ప్రోగ్రామ్‌కి కబురు పెట్టే నోటిఫై వాడండి. ట్రాన్సాక్షన్ కమిట్ అయితేనే ఆ కబురు అవతలికి అందుతుంది, రోల్‌బ్యాక్ అయితే అందదు.

నకారపొల్లు
నేను తెలుగు వైపు నుంచి వస్తాను. డేటాబేస్ గురించి ఎక్కువ తెలియదు, యూనికోడ్‌తో చాలాకాలంగా తంటాలు పడుతున్నాను.

మీ జాబితాలో కంటికి కనిపించని తేడాలు మీరనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట్ పొల్లుగా నిలవడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, కోడ్ 200సి. కొన్ని కీబోర్డులు అది పెడతాయి, కొన్ని పెట్టవు. ఐత్వం సంగతి చూడండి: ఒకే కోడ్‌గా రాయొచ్చు, 0సి48. లేదా ఎత్వం 0సి46, దాని కింద ఐ పొడవు గుర్తు 0సి56, ఇలా రెండుగానూ రాయొచ్చు. తెరమీద రెండూ "కై" లాగే కనిపిస్తాయి. కంప్యూటర్‌కి రెండు వేరు మాటలు. తెలుగులో యూనికోడ్ నార్మలైజేషన్ కలిపేది ఈ ఒక్క జతనే. సున్నలు, బండి ఱలు దాని పని కాదు, అవి మీరే చూసుకోవాలి.

సున్న నియమంలో ఒక ప్రమాదం ఉంది. "అనునాసికం, దాని కింద ఏ హల్లు ఉన్నా సున్న చేసెయ్" అని రాస్తే "అమ్మ" కాస్తా "అంమ" అవుతుంది, "అన్న" "అంన" అవుతుంది. ఏ వర్గం అనునాసికానికి ఆ వర్గంలోని మొదటి నాలుగు హల్లులే లెక్క. మ్ తర్వాత ప, ఫ, బ, భ. న్ తర్వాత త, థ, ద, ధ. మిగతావీ అలాగే.

పైథాన్‌లో ఇంకో గొయ్యి. మామూలు ఆర్‌ఈ మాడ్యూల్‌లో పదాన్ని పట్టుకునే స్లాష్-డబ్ల్యూ (బ్యాక్‌స్లాష్, డబ్ల్యూ) ఉంది కదా, దానికి మన గుణింతం గుర్తులు అక్షరాల్లా కనపడవు. "తెలుగు" అనే మాటని దానితో ముక్కలు చేస్తే త, ల, గ అని మూడు వస్తాయి. ఎత్వమూ కొమ్ములూ గాలికి పోతాయి. మొదటిసారి చూసినప్పుడు నా ఫైలే పాడైందనుకున్నాను.

పల్లెగ్రంథం
నకారపొల్లు గారూ, మీరు చెప్పిన స్లాష్-డబ్ల్యూ నా కోడ్‌లో నిజంగానే ఉంది! సగం పేర్లు ఎందుకు కలిసిపోతున్నాయో ఇప్పుడు తెలిసింది.

ఆర్‌ఈ బదులు బయట దొరికే రెగెక్స్ మాడ్యూల్ పెట్టాను. అందులో స్లాష్-పెద్ద ఎక్స్ ఉంది, అది ఒక్కో అక్షరాన్ని విడదీస్తుంది. పోస్ట్‌గ్రెస్ "శ్రీ"ని నాలుగు అంటుంది, "ఆంధ్రప్రదేశ్"ని 12 అంటుంది. మనకేమో ఒకటి, ఐదు. ఈ ఫంక్షన్‌ని ఇమ్యూటబుల్ అని ప్రకటించి దాని మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ముందే కట్టుకునే పట్టిక) కట్టాను. వెతకడం చాలా వేగంగా ఉంది. సరేనా?

పాతడీబీఏ
ఆ ఇండెక్స్ దగ్గరే ఆగండి. ఈ చర్చలో నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే.

ఇమ్యూటబుల్ అంటే మీరు పోస్ట్‌గ్రెస్‌కి ఇచ్చే మాట. "ఈ ఇన్‌పుట్‌కి ఈ జవాబే, ఇవాళైనా పదేళ్ళ తర్వాతైనా" అని. అది సరిచూడదు, మీ మాట నమ్ముతుంది. నమ్మి, ఇవాళ్టి జవాబుని ఇండెక్స్‌లో రాసి పెట్టుకుంటుంది. రేపు ఫంక్షన్ వేరే జవాబిస్తే, వెతికేవాళ్ళు కొత్త జవాబుతో వెళ్తారు, ఇండెక్స్‌లో పాత జవాబు ఉంటుంది. ఎర్రర్ రాదు. వరుస ఉన్నా "లేదు" అని వస్తుంది, అంతే. మీ అలమరలో పుస్తకం కథే మళ్ళీ.

"నా కోడ్ మారదు కదా" అంటారేమో. మీ కోడ్ మారదు, కింద ఉన్న మాడ్యూల్ మారుతుంది. స్లాష్-పెద్ద ఎక్స్ యూనికోడ్ నియమాలను పాటిస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి వత్తుని ముందు హల్లుతో కలిపి ఉంచే కొత్త నియమం చేర్చారు. ఆ నియమం తెలియని వెర్షన్ "శ్రీ"ని శ్, రీ అని రెండు ముక్కలు చేస్తుంది. తెలిసిన వెర్షన్ ఒకటిగా ఉంచుతుంది. ఒక ఆదివారం ఎవరో మాడ్యూల్ అప్‌గ్రేడ్ చేస్తారు, సోమవారం నుంచి వత్తులున్న పేర్లన్నీ కనబడకుండా పోతాయి.

ఇది పైథాన్‌కే పట్టిన జబ్బు కాదు. లినక్స్ మూల లైబ్రరీ గ్లిబ్‌సీ 2.28లో, 2018లో, అక్షరక్రమం నియమాలు మారాయి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన ఎన్నో చోట్ల పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ ఇండెక్స్‌లు చెప్పాపెట్టకుండా చెడిపోయాయి. రీఇండెక్స్ చేసినవాళ్ళు బయటపడ్డారు. నేను ఒక చోట రెండు రాత్రులు కూర్చుని చేశాను. ఒకే యూనిక్ కాలమ్‌లో ఒకే విలువ రెండుసార్లు దూరి ఉండటం కళ్ళారా చూశాను.

కాబట్టి ఇండెక్స్‌లోకి వెళ్ళేది ఏదైనా బయటి మాడ్యూల్ మీద ఆధారపడకూడదు.

చిన్నడేటా
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను బడిలో సైన్స్ చెప్తాను, పిల్లల రికార్డులకి ఎస్‌క్యూలైట్ వాడతాను. అక్కడ ఈ పని ఇంకా సులువు. పైథాన్‌లో మామూలు ఫంక్షన్ రాసి, కనెక్షన్ మీద క్రియేట్_ఫంక్షన్ పిలిస్తే చాలు, క్వెరీలో ఆ పేరు వాడుకోవచ్చు. సగటు లాంటివి కావాలంటే స్టెప్, ఫైనలైజ్ అని రెండు మెథడ్లున్న క్లాస్ రాసి క్రియేట్_అగ్రిగేట్‌కి ఇవ్వాలి. సర్వర్ లేదు, సూపర్‌యూజర్ లేదు.

నాకు తగిలిన దెబ్బ కూడా చెప్తాను. పైథాన్ 3.8 నుంచి ఉన్న డిటర్మినిస్టిక్ ఆప్షన్ (ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పుడూ ఒకే జవాబు అని చెప్పేది) పెట్టి, నా ఫంక్షన్ మీద ఇండెక్స్ కట్టాను. తర్వాత వేరే టూల్‌తో అదే ఫైలు తెరిచి ఒక పేరు చేర్చబోతే, అలాంటి ఫంక్షనే లేదంది. ఫంక్షన్ ఉండేది ఫైల్లో కాదు, నా పైథాన్ కనెక్షన్‌లో. ఫైలుని ఎవరెవరు తెరుస్తారో ముందు లెక్కేసుకోవాలి. ఇంకొకటి, ఫంక్షన్ లోపల తప్పు జరిగితే "యూజర్ ఫంక్షన్ ఎక్సెప్షన్ ఇచ్చింది" అని ఒక్క ముక్కే చెప్తుంది. ఎనేబుల్_కాల్‌బ్యాక్_ట్రేస్‌బ్యాక్స్‌ని ట్రూ చేస్తే అసలు తప్పు ఏ లైనులో ఉందో కనబడుతుంది. నాకు ఇది తెలిసేసరికి ఒక సెలవు రోజు మొత్తం పోయింది.

పల్లెగ్రంథం
పాతడీబీఏ గారూ, మరి ఏం చేయమంటారు? పైథాన్ మొత్తం తీసేయాలా?

పాతడీబీఏ
పనిని రెండుగా విడదీయండి.

మొదటిది వెతుకుడు కీ, అంటే పోల్చడానికి వాడే సాఫు చేసిన పేరు. అరసున్న తీసేయడం, 200సి తీసేయడం, ఱని ర చేయడం: ట్రాన్స్‌లేట్ అనే ఒక్క ఫంక్షన్‌తో అయిపోతుంది. ఐత్వం కలపడానికి పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ లోపలే ఉంది. నకారపొల్లు గారి సున్న నియమానికి రెగ్‌ఎక్స్‌పీ_రీప్లేస్ ఐదుసార్లు, వర్గానికి ఒకటి. చివరి "ము"ని సున్న చేయడానికి ఇంకొకటి. మొత్తం పది లైన్ల లోపు ఎస్‌క్యూఎల్ ఫంక్షన్. పైథాన్ అక్కర్లేదు, బయటి మాడ్యూల్ లేదు. దీన్ని ఇమ్యూటబుల్ అనడానికి నేను భయపడను. జనరేటెడ్ కాలమ్‌గా పెట్టి దాని మీద ఇండెక్స్ కట్టండి. డేటా మూడు దారుల్లో ఎటు నుంచి వచ్చినా కీ దానంతటదే తయారవుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఎప్పుడైనా ఈ ఫంక్షన్ మారిస్తే పాత వరుసల్లో కీలు వాటంతటవి మారవు, అన్నీ మళ్ళీ అప్‌డేట్ చేయాలి.

రెండోది అక్షరాల పోలిక. ఎవరైనా "వ్యకరణం" అని దీర్ఘం మరిచి కొడితే "వ్యాకరణం" చూపించడం. అక్షరాలుగా విడదీసి, ఎన్ని అక్షరాలు తేడానో లెక్కపెట్టే పని. దీన్ని ఎస్‌క్యూఎల్‌లో రాయడం నరకం, పైథాన్‌లో పదిహేను లైన్లు. ఫలితాన్ని ఎక్కడా దాచం, అప్పటికప్పుడు లెక్క. అందుకని ఇమ్యూటబుల్ అక్కర్లేదు, స్టేబుల్ (ఒక క్వెరీ నడిచేంతవరకు జవాబు మారదు అనే మాట) చాలు. ఇక్కడ పైథాన్ నిక్షేపంగా వాడుకోండి.

వేగం విషయం. పైథాన్ ఫంక్షన్‌ని 38,000 వరుసలకి ఒక్కోసారి పిలవద్దు. కీ మొదట్లోని హల్లు లేదా అచ్చు ("వ్యాకరణం"లో వ) కలిసే వరుసల్ని ముందు ఎస్‌క్యూఎల్‌తో ఏరి, అర్రే_అగ్‌తో ఒకే లిస్టుగా పైథాన్‌కి ఒక్కసారి ఇవ్వండి. అర్రే పైథాన్‌కి లిస్టుగానే అందుతుంది. కంపైల్ చేసిన ప్యాటర్న్‌ని ఎస్‌డీ అనే డిక్షనరీలో దాచుకోండి. అది ఆ ఫంక్షన్ సొంతం, ఆ సెషన్ ఉన్నంతకాలం ఉంటుంది.

నకారపొల్లు
"ము" నియమంలో చిన్న సవరణ. "సొమ్ము", "దుమ్ము" లాంటి వాటిలో ము ముందు పొల్లు ఉంటుంది, అక్కడ ముట్టుకోవద్దు. "పాము" మాత్రం "పాం" అవుతుంది, అది పరవాలేదు. ఆ కీని ఎవరికీ చూపించం కదా. వెతికే మాట కూడా అదే ఫంక్షన్ గుండా పోయి "పాం" అయ్యే వస్తుంది. చూపించేది మాత్రం ఎప్పుడూ పుస్తకం మీద ఉన్న పేరే, అరసున్నతో సహా. అది దయచేసి చెరపొద్దు.

అక్షరం విడదీయడానికి స్లాష్-పెద్ద ఎక్స్ కూడా అక్కర్లేదు. హల్లు, ఆ వెనక "పొల్లు, హల్లు" జతలు ఎన్నైనా, ఆ తర్వాత ఒక గుణింతం గుర్తో పొల్లో ఉంటే ఉండొచ్చు, చివర సున్నో విసర్గో ఉంటే ఉండొచ్చు. హల్లులు 0సి15 నుంచి 0సి39 వరకు. అచ్చులకి విడిగా ఒక చిన్న ముక్క. మామూలు ఆర్‌ఈతోనే అవుతుంది.

లూప్‌లోపల
టెస్టుల సంగతి అడుగుతానన్నాను కదా. అక్షరాల కోడ్‌ని ఫంక్షన్ లోపల కాకుండా మామూలు పైథాన్ ఫైల్లో పెట్టి, డేటాబేస్ ఫంక్షన్‌లో దాన్ని ఇంపోర్ట్ చేసి పిలిస్తే? ఫైలు గిట్‌లో ఉంటుంది, "శ్రీ"కి ఒకటి, "అమ్మ"కి రెండు అని టెస్టులు రాసుకోవచ్చు.

పాతడీబీఏ
మంచి పద్ధతి తమ్ముడూ, నేనూ అలాగే చేస్తాను. రెండు జాగ్రత్తలు. ఆ ఫైలు సర్వర్ వాడే పైథాన్‌కి కనపడే చోట ఉండాలి, మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో కాదు. రెండోది, ఒక్కో సెషన్ మాడ్యూల్‌ని ఒకసారే ఇంపోర్ట్ చేసుకుంటుంది. ఫైలు మార్చాక పాత కనెక్షన్లు పాత కోడ్‌తోనే నడుస్తుంటాయి. కనెక్షన్లని మూయకుండా మళ్ళీ మళ్ళీ వాడే పూల్ ఉంటే ఆ కనెక్షన్లు రోజుల తరబడి బతికే ఉంటాయి. మార్చిన ప్రతిసారీ వాటిని మూసి తెరవాలి.

పల్లెగ్రంథం
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను.

కీ మొత్తం ఎస్‌క్యూఎల్‌లోకి మారింది. అక్షరాల పోలిక పైథాన్‌లో ఉంది, ఫైలు గిట్‌లో ఉంది, టెస్టులు 26. ఎగ్జిక్యూట్ హక్కు వెబ్ రోల్‌కి, గ్రంథపాలకుడు గారి రోల్‌కి మాత్రమే. ఎస్సెమ్మెస్‌లకి టేబుల్, బయట చిన్న ప్రోగ్రామ్.

నిన్న బ్యాకప్‌ని ఇంకో ల్యాప్‌టాప్‌లో తెరిచి చూద్దామనుకుంటే పుస్తకాల టేబుల్ ఖాళీగా వచ్చింది. ప్రాణం పోయినంత పనైంది. ఎర్రర్లు మొదటి నుంచీ చదివితే రెండు కారణాలు కనిపించాయి. ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీ లేదు, దానివల్ల పోలిక ఫంక్షన్ ఒక్కటే రాలేదు. అసలు దెబ్బ రెండోది. నా కీ ఫంక్షన్ లోపల సున్నల కోసం రాసుకున్న ఇంకో ఫంక్షన్‌ని ఉత్త పేరుతో పిలిచాను. అది కనపడటం లేదంది.

పాతడీబీఏ
డంప్ (బ్యాకప్ ఫైలు) నుంచి తెరిచేటప్పుడు సెర్చ్_పాత్ (పేర్లని ఏ స్కీమాల్లో, అంటే ఏ విభాగాల్లో, వెతకాలో చెప్పే జాబితా) ఖాళీగా ఉంటుంది. జనరేటెడ్ కాలమ్ విలువలు డంప్‌లో ఉండవు, తెరిచేటప్పుడు మళ్ళీ లెక్కకడతారు. ఆ లెక్కలో మీ రెండో ఫంక్షన్ దొరకలేదు, దాంతో టేబుల్ మొత్తం ఎక్కలేదు. లోపలి పిలుపుకి ముందు స్కీమా పేరు చేర్చండి, పబ్లిక్ డాట్ అని. కొత్త డంప్ తీసి మళ్ళీ చూడండి.

పల్లెగ్రంథం
చేర్చాను. ఆ ప్యాకేజీ కూడా ల్యాప్‌టాప్‌లో పెట్టి మళ్ళీ తెరిచాను. వరుసలు అన్నీ వచ్చాయి, రెండు మెషీన్లలో లెక్క సరిపోయింది. పొద్దున ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి "సఙ్గీతం" అని పాత పద్ధతిలో చెప్పి కొట్టించారు. పదిహేడు పుస్తకాలు వచ్చాయి, అందులో ఆయన వెతుకుతున్నది మూడోది.

"ఋషి", "రుషి" ఇంకా కలవడం లేదు. నకారపొల్లు గారూ, వట్రసుడిని కొమ్ముతో ఎక్కడెక్కడ కలపొచ్చో చెప్తారా?

నకారపొల్లు
పదం మొదట్లో ఋ ఉంటే రు చేయండి, భయం లేదు. హల్లు కింద వట్రసుడి ఉన్నచోట మాత్రం తొందరపడొద్దు. "కృషి"ని కొందరు "క్రుషి" అని, కొందరు "క్రిషి" అని కొడతారు, మూడింటినీ ఒకటి చేస్తే వేరే మాటలు కూడా వచ్చి కలుస్తాయి. మీ జాబితాలో వట్రసుడి ఉన్న పేర్లన్నీ తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.